మేనిఫెస్టో, ప్రణాళిక: ఒక మాట పూర్వాపరాలు

మన పత్రికలలోనూ సభలలోనూ విరివిగా వినిపించే మాటలలో 'ప్రణాళిక' ఒకటి. కమ్యూనిస్టు ప్రణాళిక అంటాం. ఎన్నికల ప్రణాళిక అంటాం. రచయితల సంఘం ప్రణాళిక అంటాం. పంచవర్ష ప్రణాళిక అని కూడా దశాబ్దాల తరబడి అన్నాం. మొదటి మూడింటి వెనుక ఉన్న ఇంగ్లీషు మాట మేనిఫెస్టో. నాలుగవదాని వెనుక ఉన్నది ప్లాన్. రెండు వేరు వేరు పనులకు మనం ఒకే మాటతో సరిపెట్టుకొన్నాం. ఇందువల్ల భాషకు వచ్చిన నష్టం స్వల్పమే కావచ్చు. ఆలోచనకూ, సాహిత్యానికీ వచ్చిన నష్టం మాత్రం స్వల్పం కాదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారాలు చూపటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేనిఫెస్టో ఇంగ్లీషువారి సొంత మాట కాదు. ఇటాలియను భాషనుంచి తెచ్చుకొన్నది. చివరనున్న ఓకారమే దాని పుట్టిల్లును పట్టి ఇస్తుంది. ఇటాలియనుకు అది లాటిన్ నుంచి వచ్చినది. లాటిన్‌లో 'మానిఫెస్టుస్' అన్న విశేషణం ఉన్నది. అందులో 'మానుస్' అంటే చెయ్యి. చేతికి తగిలినది, చేత పట్టుబడినది అని దాని తొలి అర్థంగా పండితులు చెబుతారు. కళ్ళకు కట్టినట్లున్నది, సందేహానికి తావులేనిది అన్న అర్థం తరువాత ఏర్పడినది.

ఈ మాట రోమనుల న్యాయశాస్త్రంలో చేసిన పని ఆసక్తికరమైనది. అక్కడ దొంగతనం రెండు విధాలు. దొంగ చేస్తూ చేస్తూ దొరికిపోతే అది 'మానిఫెస్టుం'. తరువాత విచారణలో తేలితే అది కాదు. దొరికిన దొంగ సొత్తు విలువకు నాలుగు రెట్లు చెల్లించాలి. దొరకని దొంగ రెండు రెట్లు చెల్లిస్తే చాలు. ఇది తరువాతి కాలపు మెత్తబడిన చట్టం. అంతకు పూర్వపు పన్నెండు ఫలకాల శాసనం ప్రకారం చేత చిక్కిన దొంగ స్వతంత్రుడైతే కొరడా దెబ్బలు కొట్టి సొత్తు పోగొట్టుకొన్నవాడికి అప్పగించేవారు. బానిస అయితే కొరడాలతో కొట్టి కొండమీదనుంచి కిందికి తోసేవారు. చట్టం ముందు దొంగలు కూడా సమానులు కారు! ఏమైనా, ఈ మాట పుట్టుకలో ఒక నేరం ఉన్నది, ఒక పట్టివేత ఉన్నది, పదిమంది కళ్ళెదుట నిలబెట్టటం ఉన్నది. ఈ మూడింటినీ పాఠకులు గుర్తుంచుకోవాలి.

మనకు 'కరతలామలకం' అన్న మాట ఉన్నది. అరచేతిలో ఉసిరికాయ వలె స్పష్టమైనది అని అర్థం. చెయ్యీ స్పష్టతా రెండూ కలిశాయి గనుక లాటిన్ మాటకు ఇది తోబుట్టువు అనిపించవచ్చు. అయితే పోలిక సగం వరకే. ఉసిరికాయ పండితుని చేతిలో ప్రశాంతంగా కూర్చొని ఉంటుంది. ఆయనకు తప్ప మరొకరికి కనబడనక్కరలేదు. దొంగ అలా కూర్చోడు. పట్టుకోవటానికి పెనుగులాట కావాలి. పట్టుకొన్న తరువాత ఊరికి చూపాలి. ఒకటి జ్ఞానికి కలిగిన స్పష్టత, రెండవది జనం ముందు రుజువైన స్పష్టత. మేనిఫెస్టో రెండవ జాతికి చెందినది.

ఇంగ్లీషులో ఈ మాట మొట్టమొదట కనిపించినది 1620లో. వెనిస్ సన్యాసి పావోలో సార్పి ట్రెంట్ మతమహాసభ చరిత్రను ఇటాలియనులో రాశాడు. అది 1619లో లండనులో అచ్చయినది. నథానియేల్ బ్రెంట్ మరుసటి సంవత్సరం దానిని ఇంగ్లీషు చేస్తూ ఈ మాటను అలాగే ఉంచేశాడు. అక్కడి సందర్భం ఏమిటంటే, అధికారపీఠం ఒకనికి సమను పంపినది. అతడు మేనిఫెస్టోతో జవాబిచ్చాడు. అంటే ఇంగ్లీషులో ఈ మాట అడుగుపెట్టినదే సంజాయిషీ అడిగిన అధికారానికి బహిరంగ సమాధానంగా.

కాని రాజులు ఆ మాటను జనానికి వదలలేదు. యుద్ధానికి పోతూ, పోవటానికి కారణాలు లోకానికి చెప్పుకొనేందుకు మేనిఫెస్టోలు వేశారు. రష్యాలో జారు చక్రవర్తి 1861లో అర్ధబానిసల విముక్తిని ప్రకటించినది మేనిఫెస్టో ద్వారానే. విప్లవం తలుపు తడితే 1905 అక్టోబరులో రెండవ నికొలాస్ పౌరహక్కులు ఇస్తానని ప్రకటించినదీ మేనిఫెస్టోలోనే. పాలకుని చేతిలో ఆ మాట అనుగ్రహపత్రమైనది.

ఫ్రెంచి విప్లవం చివరి దశలో, 1796లో, బాబెఫ్ అనుచరులు సమానుల మేనిఫెస్టోను తయారు చేశారు. దానిని రాసినవాడు సిల్వాన్ మరేషాల్. అప్పటినుంచి ఈ మాటకు రెండు వారసత్వాలు. ఒకటి ఇచ్చేవాడిది, రెండవది నిలదీసేవాడిది.

1848 నాటి చిన్న పుస్తకం నిలదీసేవారి వారసత్వానికి చెందినది. దాని నామకరణం వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. మొదట ఎంగెల్స్ దానిని ప్రశ్నోత్తరాల రూపంలో రాశాడు. క్రైస్తవ బడులలో మతబోధకు వాడే పద్ధతి అది. 1847 నవంబరులో ఆయన మార్క్సుకు ఉత్తరం రాస్తూ, ఈ ప్రశ్నోత్తరాల పద్ధతి విడిచిపెడదాం, చరిత్ర చెప్పవలసి ఉన్నది గనుక ఇది పనికిరాదు, కమ్యూనిస్టు మేనిఫెస్టో అని పేరు పెడదాం అని సూచించాడు. రూపం మారటానికి కారణం చరిత్ర చెప్పవలసి రావటం! దీనిని సాహిత్య విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. ప్రశ్నోత్తర రూపంలో గురువుకు జవాబు ముందే తెలుసు. మేనిఫెస్టో రూపంలో రచయిత పాఠకుని కళ్ళెదుట రుజువు చేయాలి.

ఆ పుస్తకం నిర్మాణం చూడండి. మొదటి అధ్యాయమంతా చరిత్ర కథనం. బూర్జువా వర్గం ఎక్కడినుంచి వచ్చినది, ఏమి నిర్మించినది, ఏమి ధ్వంసం చేసినది, తన శత్రువును తానే ఎలా కన్నది అన్న కథ. ఆ వర్గం సాధించిన ఘనకార్యాలను చెప్పటంలో పిసినారితనం లేదు. దొంగను పట్టినవాడు దొంగ బలాన్ని తక్కువ చేసి చెప్పడు. రెండవ అధ్యాయం చివర మాత్రం పది చర్యల పట్టిక ఒకటి వస్తుంది. మనం ప్లాన్ అన్న అర్థంలో ప్రణాళిక అనవలసినది ఏదైనా ఉంటే, మొత్తం పుస్తకంలో ఆ పట్టిక ఒక్కటే.

మరి రచయితలే దానిని గురించి ఏమన్నారు? 1872లో కొత్త జర్మన్ ముద్రణకు రాసిన ముందుమాటలో మార్క్స్, ఎంగెల్సులు ఆ చర్యలకు ప్రత్యేక ప్రాధాన్యం లేదనీ, ఇప్పుడు రాస్తే ఆ భాగం చాలావరకు వేరుగా ఉండేదనీ స్పష్టంగా చెప్పారు. సాధారణ సూత్రాలు మాత్రం నిలిచి ఉన్నాయన్నారు. ఇరవైనాలుగేళ్ళలో పాతబడినది ప్రణాళిక, పాతబడనిది మేనిఫెస్టో. ఈ విభజన నేను చేసినది కాదు, గ్రంథకర్తలు చేసినదే.

ఆ పుస్తకం తొలి ఇంగ్లీషు అనువాదం 1850లో జూలియన్ హార్నీ నడిపిన 'రెడ్ రిపబ్లికన్' పత్రికలో వచ్చినది. అనువాదకురాలు హెలెన్ మాక్‌ఫార్లేన్. ఈనాడు ప్రపంచమంతా చదువుతున్న ఇంగ్లీషు పాఠం 1888లో శామ్యూల్ మూర్ చేసినది. వీరిద్దరికీ పేరు విషయంలో ఇబ్బంది రాలేదు. ఇటాలియను మాట అప్పటికే ఇంగ్లీషులో స్థిరపడిపోయినది. ఇబ్బంది వచ్చినది మనకు.

మన సోదరభాషలు ఏమి చేశాయో చూస్తే మన ఎంపిక స్వభావం తెలుస్తుంది. హిందీలో ఘోషణాపత్రం అన్నారు. ఎలుగెత్తి చెప్పటం అందులో ఉన్నది. బెంగాలీలో ఇస్తెహార్ అన్నారు. అది అరబ్బీ మాట, పదిమందికి తెలియజేయటం దాని భావం. తమిళంలో అఱిక్కై అన్నారు. 'అఱి' అంటే తెలుసుకొను అని అర్థం. మన 'ఎఱుగు' దానికి చుట్టమే. ఈ మూడు భాషలూ బయటపెట్టటాన్నీ తెలియజేయటాన్నీ పట్టుకొన్నాయి. ఎన్నికల సందర్భంలో కన్నడిగులూ మనమూ మాత్రం ప్రణాళిక పక్షాన నిలిచాం.

ప్రణాళిక అంటే ఏమిటి? సంస్కృతంలో ప్రణాళి అంటే నీటిదారి. అమరకోశంలో ఈ శబ్దం నీళ్ళకు సంబంధించిన వారివర్గంలో ఉన్నది. తూము, కాలువ, జలదారి అన్నవి దాని అర్థాలు. నీరు ఒక క్రమం ప్రకారం పోతుంది గనుక క్రమం, పద్ధతి అన్న అర్థాలు వచ్చాయి. పద్ధతినుంచి పథకం వచ్చినది. 1950లో ప్రణాళికా సంఘం ఏర్పడి, 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైన తరువాత ఆ మాట ప్రతి పల్లెకూ చేరినది. ఆ సంఘం 2015లో పోయి నీతి ఆయోగ్ వచ్చినది. సంఘం పోయినా మాట మిగిలినది.

కోనసీమలో పాఠం చెప్పుకొనే నాబోటివానికి ఈ వ్యుత్పత్తి నిఘంటువులో వెతకనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుంచి గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఈ నేల కాలువల మీదనే బతుకుతున్నది. గన్నవరం అక్విడక్టు వైనతేయ పాయ మీదుగా నీటిని అవతలి ఒడ్డు లంకభూములకు దాటిస్తుంది. నది మీద కాలువ! అంతకన్న మంచి ప్రణాళిక ఏమున్నది? నేను కాలువను నిందించటం లేదు. కాని కాలువకు కొన్ని లక్షణాలున్నాయి. నీరు పైనుంచి వస్తుంది. లాకు ఒకరి చేతిలో ఉంటుంది. వంతు ఒకరు నిర్ణయిస్తారు. శివారు భూమి రైతు పంటబోదె దగ్గర నిలబడి ఎదురు చూస్తాడు. ఆ ఎదురుచూపే ఆ మాటతోబాటు మన రాజకీయాలలోకి ప్రవహించినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. వ్యుత్పత్తిని పట్టుకొని వేలాడితే వ్యవహారం ఏమి కావాలి? మాటకు జనం ఇచ్చినదే అర్థం కాదా? ఇది న్యాయమైన ప్రశ్నే. ఇదే కోనసీమలో, ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులుగారు గ్రంథ ప్రామాణ్యం పక్షాన నిలబడితే, గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యవహారం పక్షాన నిలబడ్డారు. నేను గిడుగువారి పక్షమే. కనుక వ్యవహారాన్నే సాక్ష్యానికి పిలుస్తాను.

మొదటి సంవత్సరం డిగ్రీ తరగతిలో ఒకసారి మేనిఫెస్టో అంటే ఏమిటని అడిగాను. వెనుక బల్లనుంచి ఒక అమ్మాయి లేచి, "గెలిస్తే ఏమేమి ఇస్తారో రాసిన కాగితమండీ" అన్నది. "ఎవరు ఇస్తారమ్మా?" అన్నాను. "గవర్నమెంటండీ" అన్నది. తరగతిలో ఎవ్వరూ కాదనలేదు. వాళ్ళు తప్పు చెప్పలేదు. ఈనాటి వ్యవహారంలో ఆ మాటకు అదే అర్థం. నిలదీసేవాడి మాట తిరిగి ఇచ్చేవాడి మాట అయినది. జారు చక్రవర్తి అనుగ్రహపత్రానికీ దీనికీ స్వభావంలో తేడా ఎంత? ఐదేళ్ళకొకసారి జనం ఓటు వేస్తున్నారన్న తేడా ఉన్నది. అది చిన్న తేడా కాదు. కాని మాట స్వభావం మాత్రం అదే.

ఉచితాలను వెక్కిరించే వర్గంలో నన్ను చేర్చవద్దని మనవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వాగ్దానం మన రాష్ట్రంలో ఎన్ని పొయ్యిలు వెలిగించినదో కూలిజనాన్ని అడిగితే చెబుతారు. మేనిఫెస్టోలలోని వాగ్దానాల విషయం సుప్రీంకోర్టు దాకా పోయినది. వాగ్దానం చేయటం చట్టరీత్యా అవినీతి చర్య కాదనీ, అయితే ఎన్నికల సంఘం మార్గదర్శకాలు రూపొందించాలనీ 2013 జులైలో తీర్పు వచ్చినది. ఎంత ఇవ్వాలి, డబ్బు ఎక్కడిది అన్నవే చర్చలోని ప్రశ్నలు. ఇవ్వవలసిన స్థితి ఎందుకు వచ్చినది, ఎవరి సొత్తు ఎవరి చేతికి పోయినది అన్న ప్రశ్నలు ఆ కాగితాలలోనూ లేవు, ఆ చర్చలోనూ లేవు. బియ్యం ఇవ్వటం మంచిదే. ఆకలికి కారణం చెప్పకుండా బియ్యం ఇచ్చే కాగితం మేనిఫెస్టో కాదంటున్నాను.

నిలదీయకుండా పట్టిక మాత్రమే ఇచ్చే కాగితం ఎంత ప్రమాదకరమో ఆ మాట పుట్టిన దేశమే చూపినది. 1919 జూన్‌లో ఇటలీ ఫాసిస్టులు ఒక మేనిఫెస్టో అచ్చు వేశారు. అందులో స్త్రీలకు ఓటు, ఎనిమిది గంటల పనిదినం, కనీస వేతనం, యుద్ధ లాభాలలో 85 శాతం స్వాధీనం ఉన్నాయి. పట్టికగా చూస్తే ఏ కార్మికుడు కాదంటాడు? 1922లో అధికారం చేతికి వచ్చిన తరువాత వారు కార్మిక సంఘాలను ధ్వంసం చేశారు. ఆ పత్రం రాసినవారిలో కవి మారినెట్టి ఒకడు. 1909 ఫిబ్రవరిలో పారిస్ పత్రిక 'ఫిగారో'లో భవిష్యవాద మేనిఫెస్టో ప్రకటించి, ఆధునిక సాహిత్యంలో మేనిఫెస్టోల యుగాన్ని ప్రారంభించినవాడు అతడే. యుద్ధాన్ని కీర్తించిన ఆ కవి ఫాసిజం దగ్గరికి చేరటం ఆశ్చర్యం కాదు. 1925లో ఫాసిస్టు మేధావుల పక్షాన జెంటిలే ఒక మేనిఫెస్టో వేస్తే, మే 1న క్రోచే దానికి జవాబుగా మరొక మేనిఫెస్టో వేశాడు. క్రోచే మార్క్సిస్టు కాదు. అయినా ఆనాడు ఆ మాటను దాని తొలి అర్థంలో వాడినవాడు ఆయనే. అధికారంలో ఉన్నవారి పత్రంలోని అసత్యాన్ని పేరు పెట్టి బయటపెట్టాడు.

ఇక మన సాహిత్యసంఘాల సంగతి. 1935లో లండనులో ముల్క్ రాజ్ ఆనంద్, సజ్జాద్ జహీర్ ప్రభృతులు తయారుచేసిన అభ్యుదయ రచయితల పత్రం ఈ దృష్టితో చదవదగినది. ఆ పత్రం ముందుగా భారతీయ సాహిత్యం మీద అభియోగం మోపినది. వాస్తవం నుంచి పారిపోయిందని అన్నది. ఆ తరువాతనే ఆకలి, దారిద్ర్యం, సాంఘిక వెనుకబాటు, రాజకీయ దాస్యం సాహిత్యవస్తువులు కావాలని కోరినది. ముందు పట్టివేత, తరువాత కర్తవ్యం. 1936 ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత సంఘం ఏర్పడినది. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన మన సంఘం తొలి మహాసభ జరిగినది.

తరువాతి దశాబ్దాలలో మన సంఘాలు, వాటి చీలికలు వెలువరించిన పత్రాలలో కర్తవ్యాల పట్టిక పెరుగుతూ వచ్చినది, అభియోగం తరుగుతూ వచ్చినది. రచయిత ఏమి రాయాలి, ఎవరి పక్షాన రాయాలి, ఏ శిల్పం వాడాలి అన్నవి అంశాలవారీగా వచ్చాయి. ఆ పట్టికను పక్కన పెట్టుకొని కవిత్వం రాసినవారి కవిత్వం పట్టిక వలెనే ఉన్నది. విమర్శకులుగా మనం చేసినదీ అదే. ఒక కథ చేతికి రాగానే ప్రణాళికలోని ఏ అంశం కిందికి వస్తుందని వెతికాం. ఈ కథ ఏమి బయటపెట్టినది, ఇంతకు ముందు కనబడనిది ఏది కనబడినది అని అడగవలసినది తక్కువగా అడిగాం. మన విద్యార్థులు అభ్యుదయ సాహిత్యం విసుగు పుట్టిస్తుందని అంటే, దోషం వారి అభిరుచిదే అనటం న్యాయం కాదు. కాలువలో నీరు ఎటు పోతుందో ముందే తెలిసిన కథను ఎవరు చదువుతారు?

అయితే తెలుగు జనానికి మేనిఫెస్టో అన్న భావమే పరాయిదా? కాదు. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగలు తమ ఉద్యమానికి దండోరా అని పేరు పెట్టుకొన్నారు. దండోరా అంటే ఊళ్ళో డప్పు కొట్టి ఆజ్ఞ చాటటం. ఆజ్ఞ పైవాడిది, డప్పు కొట్టే వెట్టి కిందివాడిది. తరతరాలుగా ఎవరి ఆజ్ఞనో చాటిన చేతులు తమ మాటను తామే చాటటానికి ఆ పేరునే ఎత్తుకొన్నాయి. రాజుల చేతినుంచి మేనిఫెస్టోను కార్మికులు లాగుకొన్న చరిత్రకు ఇది సాటిరాదా? చేతి సంగతి కూడా రెండింటిలోనూ ఉన్నది. ఏ పండిత పరిషత్తూ ఈ అనువాదం చేయలేదు.

మా ప్రాంతంలో 2011 ఖరీఫ్‌లో మరొక ప్రకటన జరిగినది. కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, వరి నాటకుండా పొలాలు వదిలేశారు. గిట్టని ధర, పెరిగిన ఖర్చు, పూడిపోయిన మురుగు కాలువలు ఆ బీడు పొలంలో అందరికీ కనబడ్డాయి. అంతవరకు అంకెలలో దాగిన నష్టం కళ్ళెదుటికి వచ్చినది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయవలసి వచ్చినది. ఇది మేనిఫెస్టో లక్షణమే. అయితే ఇందులోనూ ఒక ప్రశ్న మిగిలినది. విరామం ప్రకటించినది భూమి ఉన్నవారు. నాట్లు వేసే కూలీకి ఆ కాలం పని పోయినది. అతని నష్టాన్ని చాటే పత్రం వెలువడలేదు. ఎవరి చెయ్యి పట్టుకొన్నది, ఎవరి సొత్తు పోయినది అన్న ప్రశ్నలు ప్రతి ప్రకటననూ అడగవలసినవే.

మాటలను గురించి ఇంత చర్చ ఎందుకని అనేవారికి 2022 మే 24న అమలాపురంలో జరిగినది గుర్తుచేస్తాను. జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చటం మీద ఇళ్ళు తగలబెట్టారు. ఒక పేరు, అంతే. ఆ పేరు కాలువలలో నీటిబొట్టును అటునుంచి ఇటు మార్చలేదు. అయినా దాచి ఉంచిన కులద్వేషాన్ని ఒక్క మధ్యాహ్నంలో బట్టబయలు చేసినది. బయటపెట్టే మాటకు ఉండే బలం అది. ప్రణాళికలకు ఆ బలం లేదు.

'ప్రణాళిక' అన్న మాటను బహిష్కరించాలని నేను ప్రతిపాదించటం లేదు. అచ్చయి, చదువబడి, జైళ్ళలో దాచుకోబడిన పేరును ఒక వ్యాసం మార్చలేదు, మార్చకూడదు. పైగా మేనిఫెస్టో అన్న మాటను తెలుగులో పెట్టుకొన్నంతమాత్రాన పని జరగదని ఎన్నికల కాగితాలు రుజువు చేస్తూనే ఉన్నాయి. కావలసినది మాట మార్పు కాదు, మాటలో నుంచి జారిపోయిన సగం అర్థాన్ని తిరిగి నింపటం. ఇకమీద మన సంఘాలు ఏ పత్రం రాసినా మొదటి పుటలో పట్టివేత ఉండాలి: ఏమి దొంగిలించబడినది, ఎవరి చేతినుంచి, ఎవరి చేతికి, రుజువేమిటి. ఆ పుట రాయగలిగితే రెండవ పుటలో ఏమి చేయాలో పాఠకుడే సగం చెబుతాడు. మొదటి పుట రాయలేనివారికి రెండవ పుట రాసే హక్కు లేదు. విద్యార్థి మిత్రులు ముందుగా ఇంటి గోడకు అంటించి ఉన్న ఎన్నికల కాగితంతో ఈ పరీక్ష మొదలుపెట్టవచ్చు. ఆ తరువాత మన సంఘాల పత్రాలను, చివరకు ఈ పత్రికలో వచ్చే మన వ్యాసాలను కూడా అదే పరీక్షకు నిలబెట్టాలి.